బ్యాగుల బావ

హైదరాబాద్ దగ్గర రావిర్యాల వండర్‌లా పార్కులో రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ ఉంది. బండిని మొదట వెనక్కి లాక్కుంటూ నిటారు పట్టాల మీదకి ఎక్కిస్తారు. అక్కడ వదిలేస్తే అది మూడుసార్లు తలకిందులై అవతలి గట్టు ఎక్కుతుంది. ఇక దించేస్తారులే అనుకునేలోపు వచ్చిన దారినే వెనక్కి జారి మరో మూడుసార్లు తలకిందులు చేస్తుంది. పార్కుకి వచ్చినవాళ్ళంతా తలెత్తి ఆ బండిని చూస్తారు. ఈసారి వెళ్ళినప్పుడు తల దించి బారికేడ్ పక్కన చూడండి. భుజాన నాలుగు బ్యాగులు, మెడలో రెండు చున్నీలు, చొక్కా జేబులో మూడు కళ్ళజోళ్ళు, రెండు చేతుల్లో ఐదు ఫోన్లతో ఒకాయన నిలబడి ఉంటాడు.

ఆయనే బావ. ఎవరికి బావ అంటే అందరికీ బావే. పదిమంది స్నేహితులు కలిసి బయల్దేరితే అందులో ఒకడికి ఈ ఉద్యోగం దానంతటదే వచ్చి పడుతుంది. దరఖాస్తు పెట్టుకోనక్కర్లేదు. మొదటి రైడ్ దగ్గర "నేను చూస్తుంటాలే, మీరు వెళ్ళండ్రా" అంటే చాలు, సాయంత్రం దాకా పర్మినెంటు.

అలాగని బావని బలవంతంగా లాక్కొచ్చారనుకోవద్దు. అసలు వెళ్దామన్నదే ఆయన. వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టింది ఆయన, రానన్నవాణ్ణి ఫోన్ చేసి మరీ ఒప్పించింది ఆయన, ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేస్తే తగ్గుతుందని అందరి డబ్బూ తన కార్డు మీద కట్టిందీ ఆయనే. తన టికెట్ కూడా అందరితోపాటే కొన్నాడు. "ఎక్కనప్పుడు ఎందుకు బావా?" అంటే, "ఈసారి ఎక్కుతున్నాన్రా" అన్నాడు. ప్రతిసారీ అదే అంటాడు. అనేటప్పుడు నిజంగానే అనుకుని అంటాడు.

బయటి తిండి లోపలికి తీసుకెళ్ళనివ్వరు. ఆ సంగతి తెలిసినా వాళ్ళింట్లో పులిహోర కలిపి డబ్బాలు కట్టిచ్చారు. వెనక్కి తీసుకెళ్తే ఇంట్లో మాట పడాలి, పారేయడానికి మనసొప్పదు. అందుకని పదకొండింటికి గేటు తెరిచేలోపు పార్కింగులో, కారు డిక్కీ మీద డబ్బాలు పరిచి అందరిచేతా తినిపిస్తాడు. తలకిందులు కాబోయే కడుపుల్లోకి చింతపండు పులిహోర ఎక్కిస్తున్నానన్న ఆలోచన ఆయనకి రాదు. వచ్చినా తన కడుపు కాదు గదా.

లోపలికి వెళ్ళాక బావ అసలు ప్రతిభ బోర్డుల దగ్గర బయటపడుతుంది. ప్రతి పెద్ద రైడ్ ముందూ ఒక హెచ్చరిక బోర్డు ఉంటుంది. గుండెజబ్బు ఉన్నవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు, వెన్నునొప్పి ఉన్నవాళ్ళు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు, గర్భిణులు ఎక్కరాదు అని. మిగతావాళ్ళు దాన్ని దాటుకుపోతారు. బావ మాత్రం చివరి అక్షరం దాకా చదువుతాడు. గర్భిణులన్నది తప్ప మిగతావన్నీ తనని ఉద్దేశించి రాసినట్టే అనిపిస్తాయి. మొన్న బీపీ నూట ముప్పై చూపించింది. వెన్ను సంగతి సరేసరి, సాఫ్ట్‌వేరు ఉద్యోగం. పంటి రూట్ కెనాల్ కూడా ఒక రకంగా ఆపరేషనే గదా!

అయినా క్యూలో మాత్రం నిలబడతాడు. ఇది గమనించదగ్గ విషయం. శనివారం నాడు ముప్పావుగంట క్యూలో అందరితోపాటు చెమటలు కక్కుతూ నడిచి, కబుర్లు చెప్పి, తీరా బండి ఎక్కే మెట్టు దాకా వచ్చాక పక్కన చిన్న గేటులోంచి దిగి వెళ్ళిపోతాడు. ఆ గేటు ఎక్కడుంటుందో సిబ్బంది తర్వాత అంత బాగా తెలిసింది ఈయనకే.

ఆ ముప్పావుగంటా పాఠం. "ఆ లూపు గుండ్రంగా ఉందనుకుంటున్నార్రా? కాదు, సరిగ్గా చూడండి, బొట్టు ఆకారంలో ఉంటుంది. 1895లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ అని ఒకటి కట్టారు. అచ్చం గుండ్రటి లూపు. ఎక్కినోళ్ళకి మెడలు పట్టేశాయి. ఆ తర్వాత 1976లో కాలిఫోర్నియా మ్యాజిక్ మౌంటెన్‌లో రివల్యూషన్ కట్టినప్పుడు వెర్నర్ స్టెంగెల్ అనే జర్మన్ ఇంజనీరు లెక్కగట్టి, కింద వెడల్పుగా, పైన ఇరుగ్గా వంపు తిప్పాడు. ఇప్పుడు మీ మెడలు నిలబడుతున్నాయంటే ఆయన పుణ్యమే."

"బావా, ఎక్కేముందు మెడల సంగతి అవసరమా?" అంటాడు ఒకడు నీరసంగా.

"భయం లేదురా. పట్టా పైన ఒక చక్రం, పక్కన ఒకటి, కింద ఒకటి. జాన్ మిల్లర్ అనే ఆయన కింది చక్రానికి 1919లోనే పేటెంట్ తీసుకున్నాడు. బండి ఊడి రమ్మన్నా రాదు."

"మరి నువ్వెందుకు ఎక్కవ్?"

"నాకు బండి మీద నమ్మకం ఉందిరా. నా కడుపు మీదే లేదు."

ఇందులో అబద్ధం లేదు. లోపలి చెవిలో అర్ధచంద్రాకారంలో మూడు సన్నటి గొట్టాలుంటాయి, వాటిలో ద్రవం ఉంటుంది. తల ఎటు తిరిగిందో మెదడుకి చెప్పేది అదే. చెవి ఒకటి చెప్పి, కన్ను ఇంకొకటి చెబితే మెదడు తికమకపడుతుంది, కడుపు తిరుగుతుంది. ఘాట్ రోడ్డు బస్సులో కిటికీ సీటు కోసం పోట్లాడేవాళ్ళందరికీ తెలిసిన బాధే ఇది. కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. బావకి మరీ ఎక్కువ. చిన్నప్పుడు నాంపల్లి నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కించారు. 1938 నుంచి నడుస్తున్న ఆ ఎగ్జిబిషన్‌కి వెళ్ళి మిర్చీ బజ్జీ తినకుండా వచ్చినవాళ్ళు ఉండరు, బావ కూడా తిన్నాడు. క్రమం తప్పు. ముందు బజ్జీ, తర్వాత వీల్. పైకి వెళ్ళాక ఏం జరిగిందో కింది తొట్టెలో కూర్చున్న కుటుంబానికి బాగా తెలుసు.

అప్పటినుంచీ బావ నేల మనిషి. మౌత్ కా కువాలో మోటార్ సైకిల్ గోడల మీద తిరుగుతుంటే పైనుంచి చూడ్డానికి కూడా రెయిలింగ్ గట్టిగా పట్టుకుంటాడు. రామోజీ ఫిల్మ్ సిటీ అంటే మాత్రం ప్రాణం. అక్కడ బస్సెక్కి కూర్చుంటే వాళ్ళే తిప్పి చూపిస్తారు, బస్సు తలకిందులు కాదు. 2016లో హైదరాబాద్‌లో వండర్‌లా తెరిచేదాకా ఇలాంటి సరదాకి బెంగుళూరు దాకా వెళ్ళొచ్చేవాళ్ళు. కాలేజీ రోజుల్లో బావ అక్కడికీ వెళ్ళాడు. రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి, అక్కడి వండర్‌లా ఉన్న బిడది చేరి, బ్యాగులు కాసి, మళ్ళీ రాత్రంతా బస్సులో వచ్చాడు.

ఎక్కనివాళ్ళని తక్కువ చేసి చూడనక్కర్లేదు, చరిత్రలో వాళ్ళకీ చోటుంది. అమెరికాలో రోలర్ కోస్టర్ వ్యాపారానికి ఊపు తెచ్చింది 1884లో కోనీ ఐలాండ్‌లో థాంప్సన్ అనే ఆయన పెట్టిన స్విచ్‌బ్యాక్ రైల్వే. టికెట్ ఐదు సెంట్లు, వేగం గంటకి పది కిలోమీటర్లు దాటదు. బావ సైకిలు అంతకన్నా జోరుగా పోతుంది. "ఆ కాలంలో పుట్టుంటే రోజూ ఎక్కేవాణ్ణి" అని ఆయన చెప్పుకోవడం అందుకే. 1901లో అక్కడే లూప్ ద లూప్ అని ఇంకొకటి వచ్చింది. దాన్ని ఎక్కినవాళ్ళకంటే డబ్బులిచ్చి నిలబడి చూసినవాళ్ళే ఎక్కువని చెబుతారు. బావ ఈ ముక్క చదివిన రోజున గ్రూపులో పెట్టి, కింద ఏమీ రాయకుండా ఊరుకున్నాడు.

ఇంతకీ కింద నిలబడి ఏం చేస్తాడంటారు? ముందు వీడియో. ఏ వరసలో ఎవరున్నారో వాళ్ళు వేళ్ళు చూపించి మరీ చెప్పి ఎక్కుతారు. బండి కదలగానే అన్నీ ఒకే రకం అరుపులు, ఒకే రకం తెరిచిన నోళ్ళు. బావ శ్రద్ధగా రెండున్నర నిమిషాలు తీసిన స్లో మోషన్‌లో ఉన్నది వేరే ఊరి నుంచి వచ్చిన ఎవరో కొత్త దంపతులు. దానికి తిట్లు. ఈ తిట్లు తిట్టేవాళ్ళు కూడా పెద్ద మొనగాళ్ళేం కాదు. ఐదుగురిలో ముగ్గురు కళ్ళు మూసుకునే తిరిగొస్తారు. కింద చూసేవాడు లేడంటే వాళ్ళు కూడా ఆ చిన్న గేటు వెతుక్కునే రకమే.

తర్వాత ఫోన్లు. ఐదు ఫోన్లున్నవాడికి ఐదు సంసారాలుంటాయి. ఒకళ్ళ అమ్మగారికి "తిన్నాడండీ, టోపీ పెట్టుకున్నాడండీ" అని చెప్పాలి. ఇంకొకళ్ళ ఆవిడకి గ్యాస్ బుకింగ్ ఓటీపీ చదివి వినిపించాలి. అసలు చిక్కు మూడో ఫోన్‌తో వచ్చింది. ఆ ఫోన్ గలవాడు ఆ పూట జ్వరమని సెలవు పెట్టాడు. మేనేజరు ఫోన్. తియ్యకపోతే అనుమానం, తీస్తే ప్రమాదం. బావ తీశాడు.

"సార్, ఆస్పత్రిలో ఉన్నాం సార్. లోపల చూపిస్తున్నారు."

అప్పుడే పైన రీకాయిల్ వెనక్కి జారింది. ఇరవై మంది ఒక్కసారి "అమ్మోయ్" అన్నారు.

"ఏంటా అరుపులు?"

"ఎముకల వార్డు పక్కనే సార్."

ఎదుట నలుగురు పిల్లలు పాప్‌కార్న్ తింటూ వింటున్నారు. బావ ముఖంలో చెమట తప్ప ఇంకే మార్పూ లేదు. రీకాయిల్ ఎక్కలేని మనిషికి ఆ గుండె ఎక్కడిదో!

మధ్యాహ్నం నీళ్ళ రైడ్లు. అక్కడ నూలు బట్టలు కుదరవు, నైలాన్ వేసుకోవాలి. బావ జీన్స్ వేసుకొస్తాడు, కావాలనే. వేవ్ పూల్ అంచున చీలమండలు తడిసేంత మేర కూర్చుని, చుట్టూ చెప్పుల జతలు కోటగోడలా పేర్చుకుంటాడు. సైరన్ మోగి అలలు మొదలవగానే అందరూ లోపలికి పరిగెడతారు, ఈయన బ్యాగులెత్తుకుని బయటికి పరిగెడతాడు.

ఈసారి ఆ బృందంలో ఒకళ్ళ అమ్మగారు కూడా వచ్చారు, తెనాలి దగ్గర పల్లెటూరు. అరవై దాటాయి. చుడీదార్ వేసుకుని, జడ ముడేసుకుని, గిర్రున తిప్పే రైడ్ ఒకటి ఎక్కి దిగారు. దిగుతూనే, "మా ఊరి తిరనాళ్ళలో చేత్తో తిప్పే రంగులరాట్నం ఇంతకన్నా భయంగా ఉండేది, దానికి బెల్టు కూడా ఉండేది కాదు. ఇంకోసారి ఎక్కుదామర్రా" అన్నారు. తన చేతిసంచీ, చెప్పులు మళ్ళీ బావకిస్తూ ఆగి, ఆయన ముఖంలోకి చూసి, "ఏం నాయనా, ఒంట్లో బాలేదా?" అని అడిగారు. బావ ఆ రోజు తిన్న దెబ్బల్లో గట్టిది అదే.

బావ జాతికి అమెరికాలో గడ్డుకాలం నడుస్తోంది. ఓర్లాండో యూనివర్సల్‌లో కొన్ని పెద్ద కోస్టర్లకి ఏమీ తీసుకెళ్ళనివ్వరు. మెటల్ డిటెక్టర్ పెట్టి, పక్కనే ఆ కాసేపటికి ఉచితంగా చిన్న లాకరిస్తారు. పిల్లల దగ్గరికి చుట్టపుచూపుగా వెళ్ళి, "మీరెళ్ళండమ్మా, నేను బ్యాగులు చూస్తుంటా" అని ధీమాగా బెంచీ వెతుక్కునే మన నాన్నగార్లకి అక్కడ చేతినిండా పని లేదు. "బ్యాగులు లాకర్లో పెట్టేశాం నాన్నా, మీరూ రండి" అంటే ఏం చెప్పాలి? కొంతలో కొంత డిస్నీ నయం. చంటిపిల్లలున్నవాళ్ళకి రైడర్ స్విచ్ అని ఒక పద్ధతి పెట్టింది, సగంమంది ఎక్కితే సగంమంది పిల్లని పట్టుకుని ఉండొచ్చు. మనవరాలు ఉన్నంతకాలం ఆ తాతగారికి ఢోకా లేదు. ఆ పిల్ల ఎత్తు సరిపోయే ఏడు వచ్చినప్పుడే చూడాలి.

మన బావకి ఇంకా ఆ బాధ రాలేదు. పార్కులో అద్దె లాకర్లున్నాయని ఆయనకి తెలుసు. "డబ్బులు దండగ, నేనున్నాగా" అని ఎవర్నీ అటు పోనివ్వడు.

పొద్దుపోయాక ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కారు. లెక్కలు కారులోనే మొదలయ్యాయి. రైడ్లు ఎక్కలేదు కాబట్టి బావ వాటా తగ్గించాలని ఒకడన్నాడు. బావకి కోపం వచ్చింది. తగ్గించడం కాదు, లాకర్ అద్దె మిగిల్చినందుకు తనకే తిరిగివ్వాలన్నాడు. మరి మూడుసార్లు తిన్న ఐస్‌క్రీమ్? అది కాపలా ఖర్చు. తీర్పు తేలకుండానే బావ వెనక సీట్లో నిద్రపోయాడు, ఒళ్ళో పెద్ద బ్యాగుతో సహా.

నార్సింగి దగ్గర దిగుతుంటే టోల్ గేటు లేవలేదు. ఫాస్టాగ్‌లో డబ్బులు లేవు. ఫోన్లు తీశారు, వీడియోలతో చార్జింగ్ మొత్తం అయిపోయింది. పవర్ బ్యాంకు బ్యాగులో ఉంది. పర్సులూ అందులోనే ఉన్నాయి. వెనక లారీ హారన్ కొడుతోంది. ముందు సీట్లోవాడు వెనక్కి వంగి మెల్లగా జిప్పు లాగబోయాడు. బావ కళ్ళు తెరవకుండానే బ్యాగుని ఇంకాస్త గట్టిగా పొట్టకి అదుముకుని, "ముందు ఏ రంగు పర్సో చెప్పండి" అన్నాడు.