తాండూరులో సముద్రం, ఎస్టిమేట్‌తో సహా

తాండూరు సేటుకు రాయి సంగతి తెలుసు. నాపరాయి గనిలో ఏ పొర తేలిగ్గా లేస్తుందో, ఏ పలక పాలిష్‌లో పగులుతుందో ఒక్క చూపుతో చెప్పేస్తాడు. నీళ్ల సంగతే ఆయనకు ఎన్నడూ పట్టలేదు. అలాంటి సేటు ఫోన్‌లో నారింజ రంగు చేపలు పగడాల మధ్య తిరగడం చూసి, హాల్లో ఒక సముద్రం పెట్టించాలని నిశ్చయించాడు. హైదరాబాద్ నుంచి అక్వేరియం దుకాణం తమ్ముడు ఎస్టిమేట్ పట్టుకుని పొద్దుటి రైలుకే దిగాడు. వికారాబాద్ నుంచి కెమిస్ట్రీ సారును పిలిపించారు. రిటైరై చాలాకాలమైనా, ఎదుటివాడి లెక్క తప్పితే సారుకు అన్నం సయించదు. సేటమ్మ అందరికీ చాయ్ ఇచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఎటు చూసినా సముద్రం మూడు వందల కిలోమీటర్ల పైమాటే గదా సేటూ, ఇదేం కోరిక?" అన్నాడు సారు.

"నేవీకి అడ్డం రాని దూరం నాకెందుకొస్తది సారూ? 2024 అక్టోబర్‌ల రాజ్‌నాథ్ సింగ్ స్వయంగా వచ్చి వికారాబాద్ పక్కన దామగుండం అడవిల రాడార్‌కు పునాది రాయి వెయ్యలేదా? ఆ రాయి ఎవరి దగ్గర కొన్నరో గని, నన్నైతే అడగలే."

"అది వీఎల్‌ఎఫ్ స్టేషన్. బాగా తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు సముద్రపు నీళ్లల్ల కొంత లోతు దాకా దిగుతయి, సబ్‌మెరైన్లకు కబురు పంపొచ్చు. వాళ్లకు వేల ఎకరాలు కావాలె, ఉప్పునీళ్లు అక్కర్లేదు. మీకు రెండడుగుల జాగ చాలు. ఉప్పునీళ్లే కావాలె."

"ఉప్పుదేముంది? కిరాణంల బస్తా తెప్పిస్త."

సారు చాయ్ కప్పు కింద పెట్టాడు. సముద్రంలో కరిగిన లవణాల్లో సోడియం, క్లోరైడు కలిపి సుమారు 86 శాతం. కిరాణం ఉప్పు అంతవరకే. మెగ్నీషియం, సల్ఫేటు, కాల్షియం, పొటాషియం అన్నీ ఆ మిగిలిన 14 శాతంలోనే ఉంటాయి. రాతి పగడం తన అస్థిపంజరం కట్టుకునేది అందులోని కాల్షియంతోనే. అందుకని అక్వేరియం కోసమే తయారైన సముద్రపు ఉప్పు కొనాలి, లీటరుకు 35 గ్రాముల లెక్కన కలపాలి.

"బోరు నీళ్లల్ల కలుపుతం."

"మీ బోరు నీళ్లల్ల సున్నం ఎంతున్నదో, నైట్రేటు ఎంతున్నదో, సిలికా ఎంతున్నదో ఎవరికెరుక? ఆర్‌ఓ దాటి, మిగిలిన అయాన్లను పట్టుకునే డీఐ రెజిన్ గుండ గూడ పోవాలె. టీడీఎస్ మీటర్ పెడితే నీళ్లల్ల కరిగింది ఏం లేదని సున్నా చూపియ్యాలె."

"క్యాన్ నీళ్లు?"

"అవి మనుషులకు."

తమ్ముడికి ఇది తన రంగమనిపించింది. సంచిలోంచి జానెడు గొట్టం తీశాడు. అది రిఫ్రాక్టోమీటర్. దుకాణం నుంచి సీసాలో తెచ్చిన నీళ్లు రెండు చుక్కలు దాని కొసన ఉన్న గాజు మీద వేసి, మూత వాల్చి, కిటికీ వైపు పెట్టి చూడమన్నాడు. సేటు ఒక కన్ను మూశాడు. పైన నీలం, కింద తెలుపు, రెండూ కలిసే గీత సరిగ్గా 35 మీద ఉంది. "అబ్బ, మంచిగున్నది," అన్నాడు సేటు. సారు మాత్రం జేబులోంచి డిస్టిల్డ్ వాటర్ సీసా తీశాడు. కెమిస్ట్రీ సార్లు అలాంటివి జేబులో పెట్టుకునే తిరుగుతారు. గాజు తుడిచి రెండు చుక్కలు వేశాడు. గీత సున్నా మీద ఉండాలి, 3 మీద ఆగింది.

"తమ్మీ, దీన్ని ఎప్పుడు సరిచూసినవ్?"

"కొన్నప్పుడు సార్."

"అంటే నీ సముద్రంల ఉన్నది 32ఏ."

తమ్ముడు గొట్టాన్ని మర్యాదగా సంచిలో పెట్టి మాట మార్చాడు. "సేట్ సాబ్, ఫస్ట్ టైం గదా, చిన్నగ షురూ చేద్దాం. ఇరవై లీటర్ల క్యూబ్. టేబుల్ మీద పడ్తది."

చిన్నదైతే సులువనుకోవడం కొత్తవాళ్లందరూ చేసే పొరపాటే. సారు ఎస్టిమేట్ కాగితం వెనక్కి తిప్పి లెక్క వేశాడు. 20 లీటర్లలో ఒక లీటరు ఆవిరైతే 35 ఉన్న ఉప్పు దాదాపు 37కు ఎగబాకుతుంది. 100 లీటర్లలో అదే ఒక లీటరు పోతే 35.4 కూడా దాటదు. వేడి సంగతీ అంతే, చిన్న తొట్టి తొందరగా కాగుతుంది, తొందరగా చల్లారుతుంది. సముద్ర జీవులకు ఆ ఊగిసలాట అలవాటు లేదు.

"సరే, వంద లీటర్లు. తగ్గినప్పుడల్ల ఉప్పునీళ్లు పోస్తం," అన్నాడు సేటు.

"ఆవిరైంది నీళ్లు గదా, ఉప్పు ఏడికి పోయింది? లోపలనే ఉన్నది. రోజూ మంచినీళ్లే పొయ్యాలె. ఉప్పునీళ్లు వారానికొకసారి, పది లీటర్లు తీసి పది లీటర్లు పోసేటప్పుడే."

ఇక మిగిలింది రాయి. ఇక్కడ మాత్రం సేటు ఎవరికీ లొంగేలా లేడు. లోపల పెట్టే రాళ్లకు ఎస్టిమేట్‌లో వేసిన ధర చూసి ఆయనకు నవ్వాగలేదు. "తాండూరోనికి రాయి అమ్ముతవా తమ్మీ? పగడం అంటే కాల్షియం కార్బొనేట్, నా బండ గూడ కాల్షియం కార్బొనేటేనని సారే అంటరు. నీలంది వేస్త, పసుపుది వేస్త."

"ఆ మాట నిజమే," అన్నాడు సారు. "మీ బండ పుట్టిందే సముద్రం అడుగున. కోట్లాది ఏండ్ల కింద ఈ జాగల సముద్రం ఉండె. ఇప్పటి పగడాలు అప్పటికి ఇంకా పుట్టనే లేదు. గని మీ బండ బిగువు, పలక పలక. దాంట్ల సందు లేదు."

"సందెందుకు?"

"బ్యాక్టీరియా కాపురానికి."

చేప విసర్జించేది అమ్మోనియా. అది చేపకే విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం నైట్రైటును నైట్రేటు చేస్తుంది, దీని హాని తక్కువ. ఈ సూక్ష్మజీవులు రాయి రంధ్రాల్లో, ఇసుక రేణువుల మీద ఇల్లు కట్టుకోవాలి. అందుకే నిండా రంధ్రాలుండే రాయి వాడతారు. జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రం నుంచి తెచ్చిన జీవమున్న రాళ్లతోనే తొట్టి నడపొచ్చని చూపి, 1961లో ఆ పద్ధతి ప్రకటించాడు. నేటి రీఫ్ తొట్టెలకు దారి వేసినవాళ్లలో ఆయనొకడు. ఇప్పుడు సముద్రంలోని పగడపు దిబ్బలు తవ్వకుండా ఎండు రాయి పెట్టి, సీసాలో దొరికే బ్యాక్టీరియా పోసి, చిటికెడు అమ్మోనియం క్లోరైడు మేతగా వేస్తారు.

"అంటే పెరుగుకు తోడేసినట్టే," అంది సేటమ్మ గుమ్మంలోంచి. "ఎన్ని రోజులకు తోడుకుంటది సారూ?"

"నాలుగు నుంచి ఆరు వారాలమ్మా. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు రావాలె. అప్పటిదాక చేప వెయ్యొద్దు."

సేటు చేతిలో చాయ్ ఒలికింది. "వచ్చే ఆదివారమే అమ్మాయికి పెళ్లిచూపులు సారూ! అందుకే గదా ఈ హడావిడంత!"

"ఆదివారం వరకు నీళ్లు, రాయి చూపియ్యొచ్చు. పెండ్లికొడుకు రెండో నెలల వస్తే గోధుమ రంగు పాకురు గూడ చూస్తడు. కొత్త తొట్టికి అది ఖాయం."

తమ్ముడు సందు దొరికిందని ముందుకు జరిగాడు. మురికిని నురుగుగా తీసే స్కిమ్మర్, యూవీ, రియాక్టర్ అన్నీ పెడితే పది రోజుల్లో చేపలు దింపొచ్చన్నాడు. సారు ఆయనకు 1846 నాటి సంగతి చెప్పాడు. అన్నా థిన్ అనే ఆవిడ ఇంగ్లండ్ తీరంలోని టోర్కీలో రాతి పగడాలు చూసి ముచ్చటపడి, జాడీలో పెట్టుకుని లండన్‌కు తెచ్చింది. పంపు లేదు, కరెంటు లేదు. పనమ్మాయి తెరిచిన కిటికీ ముందు నిలబడి ఆ నీళ్లను రోజూ అరగంటకు పైగా ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ఒంపేది. గాలి కలిసేందుకే అదంతా. పగడాలు బతికాయి, ఏళ్లు గడిచాయి.

"పేరు ఆవిడకు వచ్చింది, చేతులు నొచ్చింది పనమ్మాయికి," అంది సేటమ్మ. "మా ఇంట్ల ఆ పని నాకు చెప్తే ఊకోను."

"ఇప్పుడు నీళ్లను కదిలించే వేవ్ మేకర్ చాలమ్మా. గని కరెంటు పోతే మొదలు తక్కువయ్యేది ఆక్సిజనే. బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి తప్పకుండ ఉండాలె. స్కిమ్మర్ కొట్టెయ్ తమ్మీ. వంద లీటర్లకు, రెండు చేపలకు, వారం వారం నీళ్లు మారిస్తే అది లేకున్నా నడుస్తది."

తమ్ముడు గీత కొట్టాడు. తరువాతి వరుసలో 'డోరీ, 2' అని ఉంది. నీలం రంగు, పసుపు తోక, నీమో సినిమాలోదే. పెరిగితే అడుగు పొడవుంటుంది. రెండడుగుల తొట్టిలో రెండు అడుగు చేపలు! ఇంకో గీత.

"నీమోలు ఉండనియ్యుండ్రి సారూ," బతిమాలాడు సేటు.

"ఉండనీ. క్లౌన్ చేప గట్టిది. సముద్రంల పట్టినవి వద్దు, హాచరీల పుట్టినవే తేవాలె. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, సీఎంఎఫ్‌ఆర్‌ఐ వాళ్లే వాటిని పెంచే పద్ధతి తయారు చేసిన్రు. సముద్రంల వాటికి ఇల్లయిన ఎనిమోన్ లేకున్నా బతుకుతయి."

"ఒకటి ఆడది, ఒకటి మగది రాసుకో తమ్మీ."

"అట్ల ఉండదు సేటూ. పుట్టినప్పుడు అన్నీ మగవే. రెండిట్ల పెద్దది ఆడదవుతది. అది చచ్చిపోతే మిగిలిన మగది ఆడదవుతది."

సేటు కాసేపు ఆలోచించాడు. "మరి సినిమాల తల్లి చచ్చిపోయినంక తండ్రి తండ్రిలెక్కనే ఉండె గదా?"

"సినిమా వాళ్లు నన్ను అడగలే."

ఆఖరి వరుస పగడాలది. కాగితంలో బరువైన అంకె అదే. సారు కళ్లద్దాలు పైకి జరిపాడు. "సేటూ, ఈ గోడకు పులి చర్మం తగిలిస్తరా?"

"జైల్ల ఏస్తరు!"

"రాతి పగడాలు గూడ వన్యప్రాణి చట్టంల పులి ఉన్న షెడ్యూల్ 1లనే ఉన్నయి, 2001 సంది. సముద్రపు గుర్రం గూడ."

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "ఇది ఇంపోర్టెడ్ మాల్ సార్."

"రాతి పగడాలు మొత్తం సైటిస్ అనే అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం జాబితాల ఉన్నయి. పర్మిట్ చూపెట్టు. 2024 రూల్స్ వచ్చినంక సైటిస్ జాబితాల జీవాలను ఇంట్ల పెట్టుకుంటే కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌ల రిజిస్టర్ చెయ్యాలె."

"రిజిస్ట్రేషనా? స్టాంపు డ్యూటీ ఎంత పడ్తది?" అన్నాడు సేటు అలవాటు కొద్దీ. తమ్ముడు ఫోన్‌లో పర్మిట్ వెతుకుతున్నట్టు చాలాసేపు వేలు ఆడించాడు. నెట్‌వర్క్ లేదన్నాడు. సారు తానే గీత కొట్టి, ఆరు నెలల తరువాత బిల్లూ కాగితాలూ ఉంటే ఒక మెత్తని పగడంతో మొదలుపెట్టొచ్చని పక్కన రాశాడు.

వేసవి ఒక్కటే మిగిలింది. తొట్టి నీళ్లు 25, 26 డిగ్రీల దగ్గర నిలవాలి. తాండూరు మే నెల 40 దాటుతుంది. చిల్లర్ ఖరీదెక్కువ. ఇక్కడి పొడిగాలికి నీళ్ల మీద ఫ్యాన్ తిప్పినా కొన్ని డిగ్రీలు దిగుతుంది, కాకపోతే ఆవిరి పెరుగుతుంది, పూట పూటకూ మంచినీళ్లు పోయాలి. ఆ బాధ్యత ఎవరిదని సారు అడిగాడు. సేటు సేటమ్మ వైపు చూశాడు. సేటమ్మ సేటు వైపు చూసింది. తమ్ముడు ఎస్టిమేట్‌లో ఆటో టాప్‌అప్ అని రాసుకున్నాడు. ఈసారి సారు కొట్టెయ్యలేదు.

ఇక సేటు ఫోన్ తీసి మగపెళ్లివారికి కలిపాడు. "నమస్తే బావగారూ. ఆదివారం వద్దు, ఆరు వారాలు ఆగుదాం. ఏంలేదు, ఇంట్ల జెర అమ్మోనియా ఉన్నది, సున్నాకు దిగినంక..."

అవతలి గొంతు హాలంతా వినిపించింది. "అయ్యో, నిమోనియానా! అమ్మాయికా? ఏ ఆస్పత్రిల చేర్పించిన్రు?"

"అమ్మాయికి గాదు బావగారూ, నీళ్లకు!"

"నీళ్లకు నిమోనియా ఏంది?"

సేటు ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి సారు చేతికిచ్చాడు. "మీరే చెప్పుండ్రి సారూ. ఉప్పు కాడికెళ్లి మొదలుపెట్టుండ్రి."