సహాయదేవరా, నీకు సాటి ఎవరు?

దేవరా! కీబోర్డు మీద ఎస్కేప్ మీట పక్కనే ఎఫ్1గా వెలసినవాడా! వంశవృక్షాలు గీసే సాఫ్ట్‌వేర్లలో నువ్వు కొలువుండని గుడి లేదు. ఆ ప్రోగ్రాములు పటాలను ఎంత అందంగా గీస్తాయో, ఎన్ని రంగుల్లో అచ్చు వేస్తాయో పొగిడేవాళ్ళు చాలామందే ఉన్నారు. మూలన ‘సహాయం’ అన్న పేరుతో కూర్చున్న నిన్ను మాత్రం ఎవరూ నోరారా కొనియాడిన పాపాన పోలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ స్తోత్రం.

ముందుగా నీ సమదృష్టి గురించి చెప్పుకోవాలి. మీట నొక్కినవాడు ఏ తెర మీద చిక్కుకున్నాడు, ఏం చేయబోయి ఆగిపోయాడు అన్న తేడాలు నీకు పట్టవు. తాత పేరు చేర్చలేక తంటాలు పడుతున్నవాడికీ, పటం అచ్చు వేసుకోలేనివాడికీ, ఫైలు మొత్తం పోయిందని లబోదిబోమంటున్నవాడికీ ఒకటే దర్శనం ఇస్తావు: ‘మా ప్రోగ్రామ్‌కు స్వాగతం’. ఇంట్లో నిప్పంటుకుందని పరిగెత్తుకొచ్చినవాణ్ణి కూడా గుమ్మంలో ఆపి, కుశలప్రశ్నలు వేసి, మంచినీళ్ళిచ్చే మర్యాద గోదావరి జిల్లాల్లో కూడా ఈ మోతాదులో దొరకదు.

ఇక నీ సత్యవ్రతం ముందు హరిశ్చంద్రుడు దిగదుడుపే. మా తాతగారు వాళ్ళ పెదనాన్నకు దత్తత వెళ్ళారు. కన్నతండ్రీ పెంచినతండ్రీ సొంత అన్నదమ్ములు. పటంలో ఇద్దరూ కనిపించాలి, వంశం ఎవరి మీదుగా సాగిందో తెలియాలి. మా ఇళ్ళల్లో ఇదేమంత వింత సంగతి కాదు. ఎలా చేయాలని నిన్ను అడిగితే నువ్వు సెలవిచ్చింది ఇదీ: ‘దత్తత పెట్టె. ఈ పెట్టెలో టిక్ పెడితే ఆ వ్యక్తి దత్తతగా నమోదవుతారు.’ ఇందులో అబద్ధం ఒక్క అక్షరం ఉందా? ఆ పెట్టె ఏ తెరలో ఉంటుంది, టిక్ పెడితే కన్నతండ్రి పటంలో ఉంటాడా ఊడతాడా, రెండో తండ్రిని ఎక్కడినుంచి చేర్చాలి అన్నవాటి జోలికి వెళితే ఎక్కడో ఒకచోట మాట జారే ప్రమాదం ఉంది. అందుకని కంటికి కనిపిస్తున్నదాన్నే చదివి వినిపించి ఊరుకున్నావు. ‘సేవ్ బటన్ సేవ్ చేస్తుంది’, ‘రిపోర్టుల మెనూలో రిపోర్టులు ఉంటాయి’ లాంటి నీ సూక్తులను ఖండించగల తార్కికుడు ఇంతవరకు పుట్టలేదు.

రహస్యాన్ని కాపాడటంలోనూ నువ్వే మేటివి. వంశవృక్షాలను ఒక ప్రోగ్రామ్ నుంచి మరో ప్రోగ్రామ్‌కు చేరవేయడానికి మోర్మన్ చర్చివారు 1984లో జెడ్‌కామ్ అనే పద్ధతి తెచ్చారు. ఈ రంగంలో ఇప్పటికీ అదే ఉమ్మడి భాష. అందులో ఒక బిడ్డను రెండు కుటుంబాలకు కలిపి, ఇది పుట్టుకతో వచ్చిన బంధం, ఇది దత్తతతో వచ్చినది అని విడివిడిగా గుర్తు పెట్టే వీలు ఎప్పటినుంచో ఉంది. అంటే మా తాతగారికి చోటు లేక కాదు, ఆ చోటు సంగతి పదిమందికీ తెలియకుండా నువ్వు కాపలా కాస్తున్నావంతే.

తేదీల విషయంలో ఈ కాపలా మరీ పటిష్ఠం. తాతగారి పుట్టుక మా ఇంటి పాత పుస్తకంలో ‘రుధిరోద్గారి మాఘం’ అని ఉంది. లెక్కేస్తే 1924 ఫిబ్రవరి, మార్చి ప్రాంతం. ఉన్నదున్నట్టు కొడితే ప్రోగ్రామ్ ‘చెల్లని తేదీ’ అని ఎర్రబడింది. నీ శరణు వేడితే ‘తేదీని సరైన రూపంలో ఇవ్వండి’ అన్నావు. ఆ పైన ఫ్రెంచి విప్లవ పంచాంగం గురించి మాత్రం నెలల పేర్లతో సహా పాఠం చెప్పావు. ఫ్రాన్సువాళ్ళే 1793లో మొదలుపెట్టి 1805 చివరికల్లా అటకెక్కించిన పంచాంగాన్ని నువ్వు ఇంత శ్రద్ధగా బతికించడం చూస్తే కళ్ళు చెమరుస్తాయి. మన సంవత్సరాల పేర్లను కూడా బ్రాకెట్లో పెడితే, జెడ్‌కామ్ వాటిని మాటల్లో చెప్పిన తేదీగా అంగీకరిస్తుందనీ, ప్రోగ్రామ్ కూడా కిక్కురుమనకుండా తీసుకుంటుందనీ డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు చెబితే తెలిసింది. మంత్రాన్ని పుస్తకంలో చదివి నేర్చుకోకూడదు, గురుముఖంగానే వినాలన్న సంప్రదాయాన్ని ఈ కాలంలో నువ్వొక్కడివే నిలబెడుతున్నావు.

నీ పాండిత్యం సంగతి వేరే చెప్పాలా? పూర్వీకులకు అంకెలు వేసే పద్ధతి ఒకటుంది. ఆస్ట్రియాకు చెందిన మిఖాయెల్ ఐట్సింగర్ 1590లోనే దాన్ని అచ్చు వేయించాడు. మనిషి 1, తండ్రి 2, తల్లి 3. ఎవరి అంకెనైనా రెట్టింపు చేస్తే వాళ్ళ తండ్రి, దానికి ఒకటి కలిపితే తల్లి. దీని పేరు, పుట్టుపూర్వోత్తరాలు నీ పదకోశంలో దివ్యంగా ఉన్నాయి. అయితే మా ఇంట్లో ఒకాయన అక్కకూతురిని చేసుకున్నాడు. వాళ్ళ బిడ్డ దగ్గర లెక్క మొదలుపెడితే, తండ్రికి తండ్రి 4వ అంకె. తల్లికి తల్లి 7 కదా, ఆవిడ తండ్రిగా ఆయనే మళ్ళీ 14. ఒకే మనిషి రెండు కొమ్మల మీద కూర్చున్నాడు. ప్రోగ్రామ్ కంగారుపడి ‘వీరిద్దరికీ ఇప్పటికే బంధుత్వం ఉంది’ అని హెచ్చరించింది. ఉండబట్టే కదా పెళ్ళి చేశారు! ఏం చేయమంటావని నీ దగ్గరికొస్తే, ‘హెచ్చరికలు: ఈ విభాగంలో హెచ్చరికలు కనిపిస్తాయి’ అన్నావు. తప్పుల్లో ఒప్పునూ, ఒప్పుల్లో తప్పునూ వేరు చేయడం మానవమాత్రుల పని అని నీ భావం కాబోలు.

పితృభక్తిలో నిన్ను మించినవాడు లేడు. వంశవృక్షానికి సహాయం చేసేవాడు తన పూర్వీకులను తలుచుకోకపోతే ఎలా? అందుకే నీ పేజీల్లోని బొమ్మలన్నీ గతించిన వెర్షన్లవే. ‘టూల్స్ మెనూలోకి వెళ్ళండి’ అంటావు. ఆ మెనూ కిందటి వెర్షన్‌తోనే కాలం చేసింది. నీ పాత అవతారాలకూ ఘనమైన చరిత్రే ఉంది. 1990లో విండోస్ 3.0తో వచ్చిన సహాయం ఫైళ్ళను 2007లో వచ్చిన విస్టా, విడిగా ఓ ప్రోగ్రామ్ దించుకుంటే తప్ప, తెరవనంది. వాటి వారసుడిగా 1997లో సీహెచ్ఎం ఫైలు వచ్చింది. దాన్ని నెట్ నుంచి దించుకుని తెరిస్తే, భద్రత పేరుతో విండోస్ అడ్డుపడి, ఎడమవైపు విషయసూచిక, కుడివైపు తెల్లకాగితం చూపించడం కద్దు. దక్షిణామూర్తి తర్వాత మౌనంతో బోధించినవాడివి నువ్వే. ఫైలు ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి ‘అన్‌బ్లాక్’ టిక్ పెడితే ఆ మౌనం వీడుతుంది. ఆ కిటుకును మా ప్రోగ్రామ్‌వాళ్ళు జాగ్రత్తగా ఆ ఫైలులోనే రాశారు. తెరుచుకున్నాక చదువుకోవచ్చు.

ఈ మధ్య నువ్వు మకాం నెట్‌లోకి మార్చావు. పల్లెలో సిగ్నల్ అందని వసారాలో నాయనమ్మను అడిగి పేర్లు ఎక్కించుకునేవేళ నిన్ను పిలిస్తే ‘కనెక్షన్ చూసుకోండి’ అంటావు. పిలిస్తే పలకడం చిన్న దేవుళ్ళ లక్షణం.

నిన్ను చెడగొట్టాలని చూసినవాళ్ళూ లేకపోలేదు. 1980ల్లో ఐబీఎం పరిశోధనశాలలో జాన్ కారొల్ అనే ఆయన, మనుషులు పుస్తకం చదవడానికి కాదు, పని చేసుకోవడానికి కూర్చుంటారని గమనించాడు. లావుపాటి మాన్యువల్‌ను కుదించి, నిజమైన పనుల చుట్టూ తిప్పి, తప్పు చేస్తే బయటపడే దారి చెప్పాలని 1990లో ఏకంగా పుస్తకమే రాశాడు. అలాంటి దుర్బోధలు నీ చెవిన పడకుండా నిన్ను పెంచినవాళ్ళకు నా నమస్కారం.

దేవరా, ఒక్క వరం కోరతాను. మా మేనత్తకు కంప్యూటర్ రాదు. కానీ ‘సుబ్బారావు మనకేమవుతాడు?’ అంటే, ‘ఏ సుబ్బారావు? కొవ్వూరువాళ్ళ అల్లుడా, నిడదవోలువాళ్ళ పెద్దాడా?’ అని ముందు అడిగి, ఆ తర్వాత చెబుతుంది. నిన్ను రాసేవాళ్ళను ఒక్క పూట ఆవిడ పక్కన కూర్చోబెట్టు. నీ విషయసూచికలో మెనూల పేర్లు తీసేసి, ‘తండ్రులు ఇద్దరుంటే?’, ‘తేదీ తెలియకపోతే?’, ‘ఒకే మనిషి రెండు చోట్ల వస్తే?’ అని పెట్టించు. అది నీ హోదాకు తగదంటావా, సరే. నీ జోలికి రాకుండా మా పని మేమే చేసుకోవడం ఎప్పుడో అలవాటైంది. ఇంతటి స్వావలంబన నేర్పిన సహాయం లోకంలో మరొకటి లేదు కనుక, నీకు వెయ్యి దండాలు.