పిధానదీప శాస్త్రం

ల్యాప్‌టాప్ మూత తెరచిన పిమ్మట తెర నల్లగా నుండుటను పామరులు ఒకే వ్యాధిగా ఎంచుదురు. లినక్సు మొదలగు యూనిక్స్ వంశీయ యంత్రములను సేవించు సికింద్రాబాద్ పండితులు మాత్రము దానిని త్రివిధమని నిర్ణయించిరి: సుప్తి, అంధత, మృతి. వీనిలో మృతి బిల్లుపుస్తకమునకు సంబంధించినది కావున ఇచట విచారింపబడదు.

1. లక్షణ ప్రకరణము. చీకటి తెరపై సెల్‌ఫోను టార్చిని ఏటవాలుగా ప్రసరింపజేయగా పాస్‌వర్డు గడి మసకగా పొడకట్టినచో అది అంధత. బొమ్మ సజీవము, బ్యాక్‌లైటు మాత్రమే నిర్వాణము. గడి కానరాక, పవర్ బటన్ దీపము మాత్రము మెల్లగా మినుకుచున్నచో సుప్తి. ఈ పరీక్ష చేయక స్క్రీన్ మార్పింపబూనువాడు శాస్త్రబాహ్యుడు.

2. పిధాన ప్రకరణము. మూతయందలి అయస్కాంతము, అడుగుభాగమందలి హాల్ సెన్సరు, వీని సన్నికర్షచేత కెర్నెలునకు కలుగు జ్ఞానము తెరచుట, మూయుట అను రెండింటికి మించదు. నిద్రింపవలెనా వలదా అను ధర్మనిర్ణయము సిస్టమ్‌డీ పరివారమందలి లాజిండ్‌ది. దాని సహజమతము సస్పెండు. ఇగ్నోరువాదులు కాన్ఫ్ ఫైలున ఒక్క పంక్తి దిద్ది, మూత మాటను పెళ్లింట మేనత్త అలకవలె విని ఊరకుందురు. ఓపెన్‌బీఎస్‌డీ శాఖవారు సూత్రలాఘవప్రియులు: లిడ్‌యాక్షన్ 0 అయిన ఉపేక్ష, 1 అయిన సస్పెండు, 2 అయిన హైబర్నేటు. అయస్కాంతపు పట్టీగల గడియారము ధరించి టైపు చేయుచుండగా, మూత తెరచియే ఉన్నను యంత్రము నిద్రించుట కలదు. దీనిని మిథ్యాపిధానమందురు, చికిత్స, గడియారమును చేయి మార్చుట.

3. దీప ప్రకరణము. సిస్ వృక్షమున బ్యాక్‌లైట్ శాఖయందు బ్రైట్‌నెస్ అను ఫైలు కలదు. అందు 0 వ్రాసినచో ఏమగును? కొన్ని యంత్రములందు కనిష్ఠకాంతి, కొన్నిట పూర్ణాంధకారము. రెండవది ప్రాప్తించినవాడు తెర చూడకయే సుడో పలికి, పాస్‌వర్డును అక్షరదోషము లేక సమర్పించి, సంఖ్యను పునఃస్థాపింపవలెను. ఈ అంధలేఖనము అభ్యాసము లేనిదే పట్టుబడదు. మీట నొక్కగా అంకె కదలి కాంతి కదలనిచో, గ్రబ్ వద్ద ఏసీపీఐ బ్యాక్‌లైట్ పరామితిని మార్చవలెను. వెండర్, వీడియో, నేటివ్ అను మతములలో ఒక యంత్రమున సిద్ధాంతమైనది వేరొకదాన పూర్వపక్షమగును.

4. కీలక ప్రకరణము. మూతను కొంత వంచగా వెలిగి, మరికొంత తెరువగా ఆరినచో, దోషము కీలుగుండా పోవు డిస్‌ప్లే కేబులుది. దానికి కమాండు లేదు, స్క్రూడ్రైవరే. ఈ ప్రకరణము ప్రక్షిప్తమని టెర్మినల్‌వాదుల వాదము. పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటరు, అనగా సీటీసీ, మరమ్మతు సంప్రదాయమువారు గ్రంథమును ఇచటనుండియే ప్రారంభింతురు.