తొట్టి ఎన్ని గంటల్లో నిండును?

మా అనంతపురం పల్లె బడికి ఇంటరాక్టివ్ ప్యానెల్ వచ్చింది. గోడంత పలక. వేలు పెడితే త్రిభుజం గిరగిరా తిరుగుతుంది. ఇంటరాక్టివ్ అంటే ఏమిటని లెక్కల సారును అడిగాను. "మనం తాకితే అది పలుకుతాది. పిల్లోళ్లు పలికితే సిలబస్ ఎనకబడతాది" అన్నారు.

మొన్నటి పాఠం కాలం–పని. తెర మీద నీలం తొట్టి, రెండు కుళాయిలు. ఒకటి 4 గంటల్లో నింపుతుంది, ఇంకోటి 6 గంటల్లో. నీళ్లు గలగలా దూకుతుంటే పిల్లలు కళ్లార్పకుండా చూశారు, లెక్కను కాదు.

వెనక బెంచీలో ఒకడు లేచాడు. "సార్, కరెంటు ఎన్ని గంటలిస్తారు?"

"లెక్కలో కరెంటు లేదు, కూచోరా."

"మరి మోటరెట్ల ఆడతాది సార్?"

ఈలోగా ప్యానెలే 2 గంటల 24 నిమిషాలని జవాబు చెప్పి, తనకు తానే చప్పట్లు కొట్టుకుంది.

వాడు లెక్కల్లో 'వెనుకబడిన విద్యార్థి'. సాయంత్రం వాళ్ల బోరు సంగతి కదిపాను. "ఆర్నూరడుగులు ఏసినాం. అడుగు నూరు, అరవై వేలు. నెలకు నూటికి రెండ్రూపాయలు, ఏడాదికోసారి వడ్డీకి వడ్డీ. రెండేండ్లకు తొంభై రెండు వేల రెండునూర్ల యాభై ఆరు." చక్రవడ్డీ పాఠం దాకా బడి ఇంకా రానేలేదు. నీళ్లెన్ని పడ్డాయని అడగబోయి మానుకున్నాను.

బడికి కొత్తది ఏదొచ్చినా ఇదే తంతు. బ్రిటన్ సాయంతో ప్రాథమిక విద్యా పథకం ఏపీపెప్ నడిచిన రోజుల్లోనూ ఇంతే. చింతగింజలతో, పుల్లలతో, పిల్లల చేత చేయించి నేర్పాలన్న ఆరు సూత్రాలను అయ్యవార్లు శ్రద్ధగా కంఠతా పట్టారు. 2022 డిసెంబరులో 8వ తరగతికి బైజూస్ పాఠాలతో ట్యాబులొచ్చాయి. 2024 జులైకి ఆ కంపెనీయే క్రికెట్ బోర్డు 158 కోట్ల బాకీ దగ్గర దివాలా ప్రక్రియలోకి దిగింది. లాభనష్టాల అధ్యాయానికి ఇంతకన్నా మంచి కృత్యం ఏ శిక్షణలో దొరుకుతుంది?

నిన్న సగటు మొదలెట్టారు. తెర మీద చినుకుల బొమ్మ. "మన జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన" అని సారు రాయించారు. అందరూ రాసుకున్నారు. వాడు మాత్రం పెన్ను మూసి చేయెత్తాడు.

"ఆ సగటు యా దినం కురుస్తాది సార్? శెనిక్కాయ ఇత్తనం ఆ పొద్దే ఏస్తాం."