ములుగులో ఏడాది సేవ: అనుభవజ్ఞుడి సలహాలు

తమ్ముడూ, ఉద్యోగంలో చేరేలోపు ఒక్క ఏడాది ప్రభువు సేవ చేసి వస్తానని ఆదివారం సంఘంలో నిలబడి చెప్పావట. ఊరు కూడా ములుగే అట. నేనక్కడికి 2024లో వెళ్ళి పన్నెండు నెలలు ఉండి వచ్చినవాణ్ణి. పదకొండున్నర అనుకో. నా అనుభవం నాతోనే పోకూడదని ఈ నాలుగు మాటలు.

ముందు సామాను. కీబోర్డు, రెండు సౌండ్ బాక్సులు, మూడు కోట్లు, నీ నిలువెత్తు ఫొటోతో ఒక ఫ్లెక్సీ. దోమతెర మాత్రం వద్దు. వానాకాలం జ్వరాలని అక్కడివాళ్ళు భయపెడతారు, విశ్వాసం తక్కువై. నాకు మలేరియా వచ్చిన సంగతి వేరు, అది సాక్ష్యంలో బాగా పనికొచ్చింది.

హనుమకొండలో బస్సెక్కాక, ములుగు ఇంకా రాకముందే గట్టమ్మ గుడి వస్తుంది. మేడారం పోయేవాళ్ళు ముందు అక్కడ మొక్కుకుని కదులుతారు. బస్సులో నీ పక్కనున్న ముసలాయన కూడా చేతులు జోడిస్తాడు. నీ సేవ అక్కడే మొదలుపెట్టు. ఏ ఊరు బిడ్డా, ఎవరింటికి పోతున్నవ్ అని ఆయన అడగబోయే మాటలు ఆయన నోట్లోనే ఉండిపోవాలి. నేను దిగేదాకా ఊపిరి తీసుకోనివ్వలేదు. నాకు గది అద్దెకివ్వాల్సింది ఆయనేనని సాయంత్రం తెలిసింది. ఇచ్చాడు, పాపం. అద్దె కూడా తగ్గించాడు. ఎందుకు తగ్గించాడో అడగలేదు.

వెళ్తే మేడారం జాతర వారంలోనే వెళ్ళు. రెండేళ్ళకోసారి వస్తుంది. నేను వెళ్ళిన ఏడు ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. బస్సు దొరకదు, గది దొరకదు, శ్రమలు లేని సేవ ఏం సేవ? జాతర గురించి ఎవర్నీ ఏమీ అడగకు, చెవినపడ్డది రాసెయ్. మాది తెనాలి కదా, ‘ఎత్తు బంగారం’ అన్న మాట నేనక్కడే మొదటిసారి విన్నాను. మనిషిని తక్కెడలో కూర్చోబెట్టి అంత బరువు బంగారం సమ్మక్క సారలమ్మలకు ఇస్తారట! ఆ రాత్రే హైదరాబాదు సంఘానికి ఉత్తరం రాశాను. ఆదివారం అందరికీ చదివి వినిపించారు. మనిషెత్తు బంగారం తూచి ఇచ్చేవాళ్ళకు మన బియ్యం ఎందుకని, అక్కడికి నెలనెలా పంపే బస్తాలు ఆపేశారు. బంగారమంటే అక్కడ బెల్లమని నాకు జూన్‌లో తెలిసింది. అప్పటికి బియ్యం పంపకపోవడం మనవాళ్ళకు అలవాటైపోయింది, ఇంకెందుకులే అని మళ్ళీ రాయలేదు.

భాష నేర్చుకోవద్దు. తాడ్వాయి వైపు అడవిలో ఒక గొత్తికోయ గూడేనికి వెళ్ళాను, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి గుడిసెలు వేసుకున్నవాళ్ళది. మే నెల ఎండ, తునికాకు కోసే రోజులు. ఒక అవ్వ నన్ను చూసి ‘ఏర్, ఏర్’ అంటూ గుడిసె వైపు చెయ్యి చూపించింది. గుడిసె వెనకాల ఏరుంది కాబోలనుకుని కెమెరా పట్టుకుని అటు కిలోమీటరున్నర నడిచాను. ఏరూ లేదు, వాగూ లేదు. తిరిగొచ్చేసరికి అవ్వ సొరకాయ బుర్ర నిండా నీళ్ళు పట్టుకుని అదే చోట నిలబడి ఉంది. కోయలో ఏర్ అంటే నీళ్ళట. భాష వచ్చి ఉంటే ఆ అడవి అందం చూసేవాడినా?

కొందరు నీకు డోర్నకల్ అజరయ్యగారి పేరు చెప్పి తప్పుదారి పట్టిస్తారు, జాగ్రత్త. ఆయన తిరునల్వేలి వైపు తమిళుడు. వైఎంసీఏలో మంచి పదవి వదులుకుని 1909లో మన పాత వరంగల్ జిల్లాకొచ్చి, డేరాలో ఉంటూ, ముప్పై అయిదేళ్ళ వయసులో తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయ్యాక కూడా ఎడ్లబండి మీద పల్లెలు తిరిగాడు. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా డోర్నకల్ వదల్లేదు. డోర్నకల్ పెద్ద గుడి ప్రతిష్ఠ 1939లో గానీ కాలేదు. ముప్పై ఏళ్ళు! నీకున్నది ఏడాది. మూడో వారంలోనే ‘నూతన మందిర నిర్మాణం’ అని ఫ్లెక్సీ కట్టించెయ్. గోడల సంగతి తర్వాత వచ్చేవాడు చూసుకుంటాడు.

అక్కడి పాస్టరుగారు పొద్దున మిరపచేలో కూలికి పోయి, సాయంత్రం కూడిక పెడతారు. వెంట వెళ్ళకు. పౌలు డేరాలు కుట్టాడంటారేమో, ఆ కాలంలో ఫోన్‌పే లేదు. పాస్టరమ్మగారు మక్కగటక పోసి ‘ఇంత తిను బిడ్డా’ అంటే ఉపవాసమని చెప్పి, గదికొచ్చి నూడుల్స్ చేసుకో. రామప్ప గుడికీ బొగత జలపాతానికీ వెళ్ళాలన్నా ఉపవాస ప్రార్థనే సాకు.

పిల్లలకు నోటుపుస్తకాలు పంచేటప్పుడు ఫొటో దిగాకే చెయ్యి వదులు. ఒడుపుంటే ఒకే పుస్తకంతో పదకొండు మందికి పంచవచ్చు.

వరద సంగతి ఎత్తితే మాత్రం నువ్వు మాట్లాడాలి. 2023 జూలైలో లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. అదే వరదకు జంపన్నవాగు కొండాయి ఊరి మీదికొచ్చి మనుషుల్ని తీసుకుపోయింది. ఒకాయన ఆ రాత్రి గురించి మొదలుపెట్టగానే నేను నోవహు ఓడ కథ అందుకుని నలభై నిమిషాలు చెప్పాను. ఆయన తువ్వాల భుజాన వేసుకుని లేచి వెళ్ళిపోయాడు, బహుశా పశ్చాత్తాపంతో. యోబు స్నేహితులు వచ్చి ఏడు రోజులు నోరు తెరవకుండా నేల మీద కూర్చున్నారట. వాళ్ళకు నెలాఖరు రిపోర్టు లేదు.

వచ్చేటప్పుడు సామానంతా తెచ్చుకో, ఫ్లెక్సీ ఒక్కటీ వదిలెయ్. నాది వదిలి వచ్చాను. మొన్న పాస్టరమ్మగారు ఫోన్ చేసి, తిన్నవా బిడ్డా అని అడిగి, దాన్ని బర్రెల కొట్టం మీద కప్పినమని, చుక్క కూడా కారుతలేదని చెప్పారు. నా మొహం బర్రెల వైపు ఉందో, ఆకాశం వైపు ఉందో అడగలేదు.