ఫాంటు ఫ్రీ, డిజైన్ చార్జీ వేరు

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ బతికి బట్టకట్టే వ్యాపార నమూనా ఏదీ అని మహానగరాల హోటళ్లలో మేధావులు ఒకటే దిగులుపడుతున్నారు. అంత దూరం దేనికండీ? నర్సీపట్నం రండి. అబీద్ సెంటర్ చుట్టుపక్కల ఓ పెళ్లికార్డు వేయించండి. నమూనా తెర మీదే ఉంటుంది.

పెళ్లికూతురి పేరు రామరాజ ఫాంటులో, ముహూర్తం మండలిలో. సిలికానాంధ్ర చొరవతో తయారై, 2012 తిరుపతి ప్రపంచ తెలుగు మహాసభల కాలంలో జనంలోకి వచ్చిన యూనికోడ్ ఫాంట్ల కుటుంబం వీటిది. తెలుగు ఫాంటంటే యాభై ఆరు అక్షరాలు గీసి చేతులు దులుపుకునే పని కాదు. గుణింతాలు, వత్తులు, వత్తు కింద వత్తు... వందల రూపాలు గీయాలి. ఒకదానికొకటి తగలకుండా సర్దాలి. ఇంతా చేసి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఊరికే ఇచ్చేశారు. ఆ లైసెన్స్ ప్రకారం ఫాంటును విడిగా అమ్మకూడదు. దాంతో చేసిన కార్డు, ఫ్లెక్సీ, సినిమా టైటిలు మాత్రం ఎవరైనా అమ్ముకోవచ్చు. అందరూ అదే చేస్తున్నారు. ఇంతకన్నా నిలకడైన వ్యాపారం ఎక్కడుంది?

గీసినవాళ్లకు ఏమైనా పంపుతారా అని అడిగి చూడండి.

"ఫ్రీదానికి డబ్బులేటండి బాబూ?"

సరే. మరి అదే ఫాంటులో ఓ వత్తు విరిగితే?

"ఇన్నాళ్లయినా బాగుచెయ్యనేదు. బొత్తిగా బాజ్జెత నేదండి ఆళ్లకి!"

కొనని సరుక్కి వారంటీ అడిగే హక్కు మన రాజ్యాంగం ఏ అధికరణం కింద ఇచ్చిందో తెలీదుగానీ, అందరం ధారాళంగా వాడుకుంటున్నాం.

నిపుణుల దగ్గర మందు ఉంది: సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇవ్వండి, సేవలు అమ్ముకోండి. రెడ్‌హ్యాట్‌ను చూడండి, 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు కొంది! చూశాం. ఇక పెళ్లికార్డుల షాపు 'ర' వత్తు మీద వార్షిక నిర్వహణ ఒప్పందం రాసుకోవడమే తరువాయి.

రెండో మందు విరాళం. అమ్మవారి జాతరకు మనవాళ్లు చందా ఎందుకు రాస్తారు? మైకులో పేరు చదువుతారు గనక. వెబ్‌సైటు అడుగున మూలుగుతున్న 'డొనేట్' బటన్‌కి మైకేదీ? బ్యాంకుల సైట్లకు సైతం భద్రత కల్పించిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు ఏడాదికి అందిన విరాళాలు సుమారు 2,000 డాలర్లు. 2014 ఏప్రిల్‌లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడి ప్రపంచం గుండెలు బాదుకుంది. ఆ నెల తిరక్కుండానే గూగుల్, మైక్రోసాఫ్ట్, ఫేస్‌బుక్ వగైరా కంపెనీలు ఇలాంటి ప్రాజెక్టుల కోసం మూడేళ్లకు 39 లక్షల డాలర్లు ఇస్తామన్నాయి. ఏళ్ల తరబడి చక్కగా పనిచేసినందుకు కాదు, ఒక్కసారి చెడినందుకు!

అంచేత ఫాంట్లు గీసే మహానుభావులకు నా సలహా ఒకటే. మాఘమాసం ముహూర్తాలకు వారం ముందు కొత్త వెర్షన్ వదలండి. అందులో వత్తులు ఉండకూడదు. మా ఊరి కార్డుల మీద చి.ల.సౌ. లక్ష్మి కాస్తా 'లకి' అయిన పూట, ఫ్రీదానికి డబ్బులేటన్న బాబే ఫోన్‌పే నంబరు అడుగుతాడు.