ఉపమన్యుడు మన వీధిలో ఏడిస్తే

మన ఊరి పేరు పుట్టిందే ఒక పసివాడి ఏడుపులోంచి. పాలకోసం ఏడ్చిన ఉపమన్యుడికి శివుడు పాలు ప్రసాదించాడనీ, అందుకే ఇది క్షీరపురి, పాలకొల్లు అయిందనీ స్థలపురాణం. ఆయనకి లోకమర్యాద తెలియదు పాపం. తెలిసుంటే "అది వాళ్ళింటి గొడవండీ, తల్లుందిగా, మనకెందుకు?" అని కైలాసం తలుపేసుకునేవాడు. మనకి ఈ పేరూ దక్కేది కాదు.

మనకి మర్యాద జాస్తి. ఎదురింటావిడ కువైట్ నుంచి ఈ నెల ఎంత పంపిందో, అందులో మొగుడు బ్రాందీ కొట్టుకి ఎంత సమర్పించాడో, కొత్త ఫ్రిజ్జుకి ఇంకా ఎన్ని వాయిదాలున్నాయో అరుగుమీద కూర్చుని పైసలతో సహా చెబుతాం. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళ పిల్ల మూడు వారాలుగా బడికెళ్ళడం లేదంటే మాత్రం, "ఆయ్, అలాగాండీ? చూసుకోలేదండీ!"

చూడక్కర్లేదు, కిరాణా కొట్టు ఖాతా పుస్తకం చదివితే చాలు. సోమవారం చిప్సు రెండు. మంగళవారం చిప్సు రెండు. బుధవారం చిప్సు రెండు, నొప్పి బిళ్ళ ఒకటి. ఆ చిప్సే పిల్లకీ తమ్ముడికీ రాత్రి భోజనం. ఆ బిళ్ళ కళ్ళు కనపడని నాయనమ్మకి కాదు, పన్ను పుచ్చి దవడ వాచిన పిల్లకి. అంతా రాసే ఉంది. మన చూపే తిన్నగా కిందున్న బాకీ మీదికి పోతుంది.

ఇక తీర్పు చెప్పడంలో మనంతటివాళ్ళు లేరు. "కన్నపిల్లల్ని వదిలేసి ఎల్లిపోయిందండీ, అదేం తల్లి!" సముద్రాలవతల అంట్లు తోముతున్న మనిషిది తప్పు. పక్కగదిలో మంచమ్మీద పడున్న తండ్రిది మాత్రం దురదృష్టం.

లేక పెట్టలేకపోవడం వేరు, ఉండీ పట్టించుకోకపోవడం వేరు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ఈ రెండోదాన్నే నేరమంది. పిల్లల బాధ్యత ఉన్నవాళ్ళు కావాలని గాలికొదిలేసి బాధపెడితే మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. జైలనగానే "పాపం, సంసారం వీధిన పడుద్దండీ" అంటాం. పిల్లలు ఇప్పటికే వీధిలో ఉన్నారన్నది వేరే సంగతి! ప్రతి ఫిర్యాదూ జైలుకే పోదు. బిడ్డకి రక్షణ, వైద్యం, బడి చూడ్డానికి జిల్లా బాలల సంక్షేమ సమితి ఉంది. పిల్లల సహాయవాణి 1098కి ఎవరైనా ఫోను చెయ్యొచ్చు. డబ్బులు పడవు. ఉచితమంటే ప్రాణమిచ్చే మనం ఈ ఒక్క ఉచితానికే ఎందుకో మొహమాటపడతాం. పోనీ, ఫోను పెద్ద పనైతే ముందు ఓ కంచం అన్నం పెట్టి, "బడికెందుకెళ్ళట్లేదమ్మా?" అని అడగొచ్చు. మేష్టారి చెవినో అంగన్వాడీ టీచరు చెవినో వెయ్యొచ్చు. అరుగు దాకా వచ్చిన కబురు ఇంకో నాలుగడుగులు వెయ్యలేదా?

కార్తీక సోమవారం రానివ్వండి, మన శివాలయం క్షీరారామంలో క్యూ కడతాం. కథలో పాలు ఎవరు ఎవరికిచ్చారో మనకి గుర్తులేదు గానీ, భక్తికి లోటు లేదు. కొట్టాయన తెల్లారగట్లే ఖాతాలో రాసుకుంటాడు: అభిషేకానికి పాల పేకట్లు నాలుగు.

దాని కింది పద్దు: చిప్సు రెండు.